ఎల్పీటీ1కి పోని కాటా చీటీ

యాంకర్: అన్నా, చీమకుర్తి కాటాల కాడ్నించి నెల్లూరు రైసుమిల్లుల దాకా ఒకటే మాట. కొత్త సిస్టమ్‌లో పాత ఫాక్స్‌ప్రో (పాతకాలం డేటాబేస్ సాఫ్ట్‌వేర్) బిల్లింగ్ ఎక్కించారు. ప్రింట్ కొడితే 'ప్రింటర్ ఈజ్ నాట్ రెడీ' అంటంది. ప్రింటరేమో లైట్లు వెలిగి సిద్ధంగా ఉంది.

అతిథి: ఆ మెసేజ్ చూసి ప్రింటర్ విప్పబాక తమ్ముడూ. ప్రోగ్రాముకి తెలిసింది ఎల్పీటీ1 అనే పోర్టు ఒకటే. పాత సిస్టమ్ వెనక 25 పిన్నుల సాకెట్ ఉండేది, డాట్ మ్యాట్రిక్స్ కేబుల్ అందులోకి పొయ్యేది. ఇప్పుడంతా యూఎస్‌బీ. నోట్‌ప్యాడ్ నుంచి పేజీ వస్తది, ఎందుకంటే అది విండోస్ డ్రైవర్, అంటే ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, ద్వారా పోతది. మన ప్రోగ్రాము లేని పోర్టుకి పంపిస్తంది.

యాంకర్: అయితే సాఫ్ట్‌వేర్ మార్చాల్నా?

అతిథి: అవసరం లేదు. ప్రింటర్‌ని షేర్ చెయ్యి. షేర్ పేరులో ఖాళీలు పెట్టబాక. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో 'నెట్ యూజ్'తో ఎల్పీటీ1ని ఆ షేర్‌కి కలుపు, 'పర్సిస్టెంట్ యెస్' పెడితే రీస్టార్ట్ అయినా ఉంటది. అదే సిస్టమ్‌కి తగిలించిన ప్రింటరైనా ఇట్టానే.

యాంకర్: అంతా చేసినా రావట్లేదనేవాళ్లు చాలామంది అన్నా.

అతిథి: చాలావరకు ఒకటే కారణం. 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' కొట్టి కలుపుతారు. విండోస్‌లో అడ్మిన్ సెషన్ వేరు, మామూలు సెషన్ వేరు. అక్కడ కలిపింది ఇక్కడ తెరిచిన ప్రోగ్రాముకి కనపడదు. మామూలు విండోలోనే కలపాల. సిస్టమ్‌కి నిజం ఎల్పీటీ1 పోర్టు ఉండి 'యాక్సెస్ డినైడ్' అంటే, డివైస్ మేనేజర్‌లో దాన్ని డిసేబుల్ చెయ్యి, లేదంటే ఎల్పీటీ2 వాడు.

ఇంకోటి, ఇదే నేను అందరికీ గట్టిగా చెప్పేది. ప్రోగ్రాము పక్కన పెట్టి ఒక చిన్న టెక్స్ట్ ఫైలు 'కాపీ స్లాష్ బి' కమాండ్‌తో ఎల్పీటీ1కి పంపు. అక్షరాలొస్తే దారి బాగుంది, తప్పు ప్రోగ్రాములో వెతుకు. రాకపోతే కోడ్ ముట్టుకోబాక. రాళ్ల లారీ కాటా మీద ఆగి, వెనక లైను పెరగతా ఉంటే, డ్రైవర్ చీటీ కోసం నిలబడుంటాడు. ఆ టైములో కోడ్ కెలికితే ఉన్నది కూడా పోతది.

యాంకర్: డాస్ ఫాక్స్‌ప్రో ఉన్నోళ్లకి?

అతిథి: 64 బిట్ విండోస్‌లో అది తెరుచుకోనే తెరుచుకోదు. పాత డాస్ ప్రోగ్రాముల్ని విండోస్‌లో నడిపే వీడాస్ లాంటి సాఫ్ట్‌వేర్ కావాల. విజువల్ ఫాక్స్‌ప్రో 9కి మైక్రోసాఫ్ట్ 2015లోనే సపోర్ట్ ఆపేసినా, నడుస్తంది.

యాంకర్: లేజర్ ప్రింటర్ పెట్టినోళ్లకి లైటు మినుకుమంటది, కాగితం మాత్రం రాదు.

అతిథి: ముందు ఆ మోడల్ మామూలు టెక్స్ట్ తీసుకుంటదో లేదో చూడాల. చవక మోడళ్లు కొన్ని డ్రైవర్ లేకుండా ఏదీ అర్థం చేసుకోవు. తీసుకునేదైతే, పేజీ నిండేదాకా ఆగతది. ఫైలు చివర ఫారమ్ ఫీడ్, అంటే 12వ నంబర్ క్యారెక్టర్, పంపిస్తే చీటీ బయటికొస్తది.