పది బయాలజీ ప్రాక్టీస్ కార్డులు: ‘తప్పు పట్టండి’కి దండం, రోగాల కార్డులకు మొట్టికాయ

నమస్కారం అందరికీ. కర్నూలు నుంచి మాట్లాడుతున్నా. ముందే చెప్పేస్తా, ఈ కార్డుల పెట్టె అచ్చేసినోళ్లే ఊరికే పంపించినారు. పొగడమని డబ్బులేం ఇవ్వలేదు. ఎన్ని కార్డులు, ధరెంత, యాడ దొరుకుతుంది, అదంతా వీడియో కింద రాసి ఉంది, చూసుకోండి. దాని మీద మనకు టైం వద్దు.

పది పబ్లిక్‌లో జీవశాస్త్రం 50 మార్కులు, రెండు గంటలు, 17 ప్రశ్నలు. బిట్లన్నీ కంఠతా పట్టినోళ్లు కూడా మార్కులు పోగొట్టుకునేది పటాల దగ్గర, ‘ఎందుకు’ అని అడిగే ప్రశ్నల దగ్గర. పెట్టెలో మూడు రంగుల కార్డులు ఉన్నాయి: కణం పచ్చవి, అవయవాలు ఎర్రవి, రోగాలు పసుప్పచ్చవి. ప్రశ్న ముందర, జవాబు వెనక, ఇది అందరూ చేసేదే. నన్ను పట్టేసింది మాత్రం పచ్చ, ఎర్ర కార్డుల్లో కలిపి ఉన్న 24 కార్డులు. వాటి మీద ‘తప్పు పట్టండి’ అని ఉంటుంది. పటం మొత్తం గీసి ఉంటుంది, భాగాల పేర్లూ ఉంటాయి. ఒకే ఒక్క తప్పు కావాలని పెట్టి ఉంటారు. అది పట్టుకుని, ఎందుకు తప్పో ఒక వాక్యంలో చెప్పల్ల.

ఇదిగో గుండె కార్డు. (కార్డు కెమెరాకు దగ్గరగా.) బాగా చూడండి. నాలుగు గదులు (పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు) ఉన్నాయి, కవాటాలు ఉన్నాయి, బృహద్ధమని ఉంది, పుపుస ధమని ఉంది. పేర్లు ఒక్కటీ తప్పు లేదు. మరి తప్పు యాడుంది? రెండు జఠరికల గోడలూ ఒకే మందంలో గీసినారు. అదీ తప్పు. ఎడమ జఠరిక గోడ కుడి జఠరిక గోడ కంటే దాదాపు మూడింతలు మందం. కుడి జఠరిక పని పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు రక్తం నెట్టడం. అక్కడ పీడనం 25 మిల్లీమీటర్ల పాదరసం ఉంటే చాలు. ఎడమది తల నుంచి కాలి బొటనవేలి దాకా పంపల్ల, దానికి 120 కావాల. పక్కింటికి చెంబుతో నీళ్లు అందించడం వేరు, మూడో అంతస్తు ట్యాంకుకు ఎక్కించడం వేరు. మోటారు అంత పెద్దది పెట్టాల్సిందే.

ఈ ఒక్క తప్పు పట్టుకున్న పిల్లోడు ‘ఎడమ జఠరిక గోడ మందంగా ఎందుకు ఉంటుంది?’ అనే రెండు మార్కుల ప్రశ్నకు ఇంక జన్మలో తప్పు రాయడు. బట్టీ కొట్టినోడు ‘మందంగా ఉంటుంది’ అని రాసి ఆపేస్తాడు. ‘ఎందుకు’ రాసినోడికే రెండో మార్కు.

గుండె మీదే ఇంకో కార్డు. ఊపిరితిత్తుల నుంచి వచ్చే పుపుస సిరకు నీలం రంగేసి ‘ఆమ్లజని (ఆక్సిజన్) లేని రక్తం’ అని రాసినారు. ‘సిర కదా, నీలమే కరెక్టు’ అనుకుంటే దొరికిపోయినట్టే. ధమని అంటే మంచి రక్తం, సిర అంటే చెడు రక్తం అని ఎవరు మొదలుపెట్టినారో గానీ, పరీక్షల్లో పిల్లల్ని ముంచేది ఇదే. గుండె నుంచి బయటికి పోయేది ధమని, గుండెకు వచ్చేది సిర. అంతే లెక్క, లోపల ఏ రక్తం ఉందన్న దానితో సంబంధం లేదు. అందుకే పుపుస ధమనిలో ఆమ్లజని తక్కువున్న రక్తం పోతుంది, నాలుగు పుపుస సిరల్లో ఆమ్లజని నిండిన రక్తం ఎడమ కర్ణికలోకి వస్తుంది.

గుండె పటం గీసేటప్పుడు ఇంకొకటి గుర్తు పెట్టుకోండి. కాగితం మీద మనకు కుడివైపు కనిపించేది గుండెకు ఎడమ. మనిషి మనకెదురుగా నిలబడినట్టు అనుకోండి. పెన్సిలు పట్టేముందు కాగితం మూలల్లో చిన్నగా ‘కు’, ‘ఎ’ అని రాసుకోండి, పటం అయినాక చెరిపేయండి. ఇది కార్డులో లేదు, నేను చెప్తాండా.

ఇంక ఉల్లిపాయ కార్డు. మనది ఉల్లి పండే జిల్లా. ల్యాబ్ ఉన్నా లేకున్నా, ఉల్లిగడ్డ లేని ఇల్లుండదు. కార్డు మీద ఉల్లిపొర కణాలు ఇటుకలు పేర్చినట్టు అందంగా గీసి, ఒక కణంలో పచ్చటి చుక్కలు పెట్టి ‘హరితరేణువులు’ అని గుర్తించినారు. శానామంది దీన్ని తప్పే అనుకోరు. మొక్క కణం అంటే హరితరేణువు ఉండల్ల కదా అంటారు. ఉండాల్సిన పనిలేదు. మనం పొర తీసే గడ్డ మట్టిలో పెరిగేది, వెలుతురు తగలదు. కాబట్టి ఆ పొరలో హరితరేణువులు కనిపించవు. కణకవచం, అంటే కణం బయటి గట్టి గోడ, ఉంటుంది, మధ్యలో పెద్ద రిక్తిక, అంటే రసం నిండిన సంచి, ఉంటుంది, ఆ రిక్తిక కేంద్రకాన్ని ఒక పక్కకు నెట్టేసి ఉంటుంది. కేంద్రకాన్ని నడిమధ్యన గుండ్రంగా గీసేటోళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఈ కార్డు వెనకాల స్లయిడు ఎట్ల చేయాలో నాలుగు లైన్లలో రాసినారు. సరిపోలేదు. పూర్తిగా చెప్తా వినండి. ఉల్లిగడ్డను నిలువునా కోసి లోపలి రేకు ఒకటి తీసుకోండి. దాని లోపలి వైపు, అంటే గిన్నెలా వంగిన వైపు, పటకారుతో చివర పట్టి నిదానంగా లాగితే పల్చటి పొర వస్తుంది. దాన్ని వెంటనే నీళ్లలో వేయండి, గాలికి వదిలితే ముడుచుకుపోతుంది. చిన్న చతురస్రం కత్తిరించి స్లయిడు మీద నీటిచుక్కలో పరచండి, ఒక చుక్క సాఫ్రనిన్ వేయండి. అది లేకుంటే అయోడిన్ ద్రావణం. ఒకటి రెండు నిమిషాలు ఆగి, ఎక్కువైన రంగును నీళ్లతో కడిగేసి, ఒక చుక్క గ్లిజరిన్ వేయండి. తర్వాత కవర్‌స్లిప్‌ను ఒక అంచు ముందు ఆనించి, సూది ఆసరాతో ఏటవాలుగా మెల్లగా దించండి. ధబీమని పడేస్తే గాలి బుడగలు చిక్కుకుంటాయి. బుడగ అంటే నల్లటి మందపాటి అంచున్న గుండ్రటి వలయం. దాన్ని చూసి కేంద్రకం అని గీసేసేటోళ్లు ప్రతి స్కూల్లో ఉంటారు. కేంద్రకం రంగు పీల్చుకుని ముదురుగా కనిపిస్తుంది, దాని అంచు అంత నల్లగా ఉండదు. అనుమానముంటే కవర్‌స్లిప్ మీద సూదితో మెల్లగా తట్టండి. కదిలిపోతే అది బుడగే.

పొర రెండు మడతలు పడినా గీతల మీద గీతలు కనిపించి అంతా గజిబిజి అవుతుంది. సూక్ష్మదర్శిని కింద పెట్టి, ముందు 10 రెట్ల వస్తుకటకంతో (స్లయిడు వైపుండే కటకం) వెతకండి, దొరికినాకనే 40కి పోండి. కంటికటకం కూడా 10 రెట్లదైతే మొదటిది 100 రెట్లు, రెండోది 400 రెట్లు పెద్దగా చూపిస్తుంది. గీసిన పటం కింద ఆ అంకె రాయండి. ఎంతమంది రాస్తారో చెప్పండి!

మిగిలిన తప్పు కార్డుల్లో రెండు గబగబా చూపిస్తా. నెఫ్రాన్ అంటే మూత్రపిండంలో వడపోత చేసే భాగం. ఆ కార్డులో అభివాహి ధమనికను సన్నగా, అపవాహి ధమనికను లావుగా గీసినారు. నిజానికి ఉల్టా. వచ్చేది లావు, పోయేది సన్నం. అందుకే మధ్యలో ఉండే గుచ్ఛంలో (సన్నటి రక్తనాళాల ముద్ద) పీడనం పెరిగి రక్తం వడపోతకు వస్తుంది. రోజుకు దాదాపు 180 లీటర్లు వడకట్టి, అందులో ఒకటిన్నర లీటరు దగ్గర మాత్రమే మూత్రంగా బయటికి పోతుంది, మిగతాదంతా నాళికలు తిరిగి లాగేసుకుంటాయి. రెండోది క్లోమం కార్డు. ఇన్సులిన్‌కు బాణం గుర్తు పెట్టి క్లోమనాళం గుండా చిన్నపేగులోకి పోతున్నట్టు చూపించినారు. భలే కార్డు ఇది! క్లోమం రెండు ఉద్యోగాలు చేసే గ్రంథి. జీర్ణరసం నాళంలో పోతుంది, ఇన్సులిన్ నాళం లేకుండా నేరుగా రక్తంలో కలుస్తుంది. వినాళ గ్రంథి అనే మాటకు అర్థం దీంట్లోనే దొరుకుతుంది.

ఒక చిరాకు చెప్పాల. ఈ కార్డుల మీద రాసి తుడుచుకోవచ్చని పెట్టె మీద ఉంది. అబద్ధం. కార్డు గరుకుగా ఉంది, వైట్‌బోర్డ్ మార్కర్ పెడితే సిరా లోపలికి దిగిపోతుంది. తడిగుడ్డతో రుద్దితే పటం కూడా మసకబారుతుంది. దీనికి మందు ఒకటే: బైండింగ్ షాపులో దొరికే పారదర్శక ప్లాస్టిక్ షీటు కార్డు మీద పెట్టి దాని మీద రాసుకోండి.

ఇప్పుడు పసుపు కార్డుల దగ్గరికి వద్దాం. ఇక్కడ నాకు ఒళ్లు మండింది.

అన్నీ ఉత్త ప్రశ్న-జవాబు కార్డులే, తప్పు పట్టే కార్డు ఒక్కటీ లేదు. మొదటి కార్డు చూడండి: ‘డెంగీ – కారణం?’ వెనక జవాబు: ‘ఏడిస్ దోమ’. కాదు సామీ! డెంగీకి కారణం డెంగీ వైరస్. ఏడిస్ దోమ దాన్ని మోసుకొచ్చే వాహకం. ఆదోని నుంచి దొంగ బస్సెక్కి కర్నూల్లో దిగినాడని బస్సు మీద కేసు పెడతారా? మలేరియా కార్డులోనూ ఇదే కథ. కారణం ప్లాస్మోడియం అనే ఏకకణ జీవి, వాహకం ఆడ అనాఫిలిస్ దోమ. 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ పరాన్నజీవిని కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. ఆయన అంత కష్టపడి దోమనూ క్రిమినీ విడివిడిగా చూపిస్తే, ఈ కార్డు రెండింటినీ ఒకటి చేసేసింది.

పిల్లోళ్లకు మార్కులు పోయే చోటు ఇదే. ‘డెంగీ నివారణ రాయండి’ అంటే ‘రాత్రి దోమతెర కట్టుకోవాలి’ అని రాస్తారు. ఏడిస్ కుట్టేది ఎక్కువగా పగలు. గుడ్లు పెట్టేది నిల్వ ఉన్న శుభ్రమైన నీళ్లలో. మూడు నాలుగు రోజులకోసారి నీళ్లొచ్చే వీధుల్లో ఇంటింటికీ డ్రములు, తొట్లు. అవే దానికి పుట్టిల్లు. గుడ్డు నుంచి దోమ అయ్యేదానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి తొట్టి ఖాళీ చేయమంటారు. ఖాళీ చేస్తే చాలదు, లోపలి గోడలు పీచుతో రుద్దల్ల. ఎందుకంటే గుడ్లు నీటి అంచుకు పైన గోడకు అతుక్కుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి చావవు. ఈ రెండు వాక్యాలు రాస్తే పూర్తి మార్కులు వస్తాయి. కార్డులో ఈ రెండూ లేవు.

ఇంకోటి: ‘జలుబుకు యాంటీబయాటిక్ ఎందుకు పనిచేయదు?’ ప్రశ్న బంగారం. జవాబు: ‘అది వైరస్ కాబట్టి.’ అంతే! పచ్చ కార్డుల్లో కణకవచం గురించి ఆరు కార్డులు పెట్టినారు కదా, వాటిని ఇక్కడికి కలపడానికి ఏం రోగం? 1928లో ఫ్లెమింగ్ కనుక్కున్న పెన్సిలిన్ చేసేదేమంటే, బ్యాక్టీరియా తన కణకవచం కట్టుకోకుండా అడ్డుపడటం. కవచం బలహీనపడి బ్యాక్టీరియా పగిలిపోతుంది. వైరస్‌కు కణకవచమూ లేదు, సొంత కణమే లేదు. మన కణాల్లో దూరి మన యంత్రాలతోనే పని చేయించుకుంటుంది. మన కణాలకు కూడా కణకవచం లేదు, కణత్వచమే ఉంది. అందుకే ఆ మందు మన కణాల జోలికి రాకుండా బ్యాక్టీరియాను చంపుతుంది. నాలుగు వాక్యాలు, నాలుగు మార్కులు. పచ్చ కార్డులు, పసుపు కార్డులు మాట్లాడుకుని ఉంటే ఈ జవాబు వచ్చుండేది.

అన్నిటికంటే ఒళ్లు మండేది, ఫ్లోరోసిస్ మీద ఒక్క కార్డు కూడా లేకపోవడం. అనంతపురం పల్లెల్లో బోరు నీళ్లు తాగి పళ్లు గోధుమరంగు గారపట్టిన పిల్లలు ఈ కార్డులు కొనే తరగతుల్లోనే కూర్చుంటారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటితే ఇబ్బంది మొదలవుతుంది. ముందు పళ్లు, ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు. ‘నీళ్లు కాచి తాగండి’ అని రాసేస్తారు, అది ఇక్కడ తప్పు. కాచితే బ్యాక్టీరియా చస్తుంది, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై మిగిలిన దాంట్లో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ‘తప్పు పట్టండి’ కార్డుకు ఇంతకంటే మంచి సరుకు ఏముంటుంది చెప్పండి?

ఇప్పుడు కొనాలా వద్దా. బజారులో దొరికే బిట్ బ్యాంకుల్లో జవాబు నోటికి వస్తుంది గానీ కారణం రాదు. ఈ 24 కార్డుల్లో కారణం ముందు అడుగుతుంది. వాటికోసమే కొనండి. పసుపు కార్డులు మాత్రం చెల్లెలికో తమ్ముడికో ఇచ్చేయండి, లేదా నేను చెప్పినట్టు ప్రతి కార్డు వెనక మూడు గడులు గీసుకోండి: క్రిమి, వాహకం, ఆపే పద్ధతి. దోమ పేరు క్రిమి గడిలో కనిపిస్తే ఎర్ర పెన్నుతో కొట్టేయండి.

వాడేది ఎట్లంటే, రోజుకు మూడు తప్పు కార్డులు చాలు. ముందు తప్పు పట్టండి, తర్వాత కార్డు బోర్లా పెట్టి అదే పటం సరిగ్గా గీయండి. ఎనిమిది రోజుల్లో 24 అయిపోతాయి. తొమ్మిదో రోజు మీరే ఒక పటంలో కావాలని తప్పు పెట్టి పక్క బెంచోడికి ఇవ్వండి. వాడు పట్టలేకపోతే మీకు ఆ పాఠం వచ్చినట్టే. పట్టేస్తే ఇంకో తప్పు వెతుక్కోండి. పుపుస సిరలు నాలుగుంటే మూడే గీయండి, చూద్దాం ఎంతసేపు పడుతుందో.