ముల్లును చివరిదాకా తిప్పండి

(ప్రపంచ రేడియో దినోత్సవం నాడు విజయవాడలో చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న ఆకాశవాణి విశ్రాంత ఉద్యోగులకు, వెనక వరుసలో ఫోన్లు చూసుకుంటున్న ఇంజనీరింగ్ విద్యార్థులకు నమస్కారం. నాకు ఇచ్చిన అంశం ‘రేడియో – సామాజిక బాధ్యత’. నాకు ముందు మాట్లాడినవారు దాని మీద చెప్పవలసినదంతా చెప్పేశారు. 1946లో ఐక్యరాజ్యసమితి రేడియో మొదలైన సంగతి, ఆ తేదీనే యునెస్కో పండుగగా ఎంచుకున్న సంగతి ఇప్పటికి రెండుసార్లు విన్నారు. మూడోసారి నేను చెప్పను. అధ్యక్షుల వారు అనుమతిస్తే వేరే విషయం మాట్లాడతాను. అనుమతించకపోయినా మాట్లాడతాను. ఈ వయసులో మైకు మళ్లీ ఎప్పుడు చేతికి వస్తుందో చెప్పలేం కదా.

మన దేశంలో మీడియం వేవ్, అంటే పాత సెట్లలో ఆకాశవాణిని వినే తరంగాల బ్యాండు, 531 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలై 1602 దగ్గర ఆగుతుంది. తొమ్మిది కిలోహెర్ట్జ్‌కు ఒక స్టేషను చొప్పున సర్దారు. మన విజయవాడ 837, హైదరాబాదు 738, కడప 900, విశాఖపట్నం 927. అన్నీ డయలుకు ఎడమ సగంలోనే ఉన్నాయి. అందుకే మన రేడియో ముల్లు జీవితమంతా అక్కడే తిరిగింది. కుడివైపు చివర 1584, 1602ల మీద ఒక్క కిలోవాటు చిన్న కేంద్రాలను కుక్కారు. అది కూడా దాటి తిప్పితే పాత సెట్లలో ముల్లు ఇంకో గోరంత జరిగి ఆగిపోతుంది. ఆ గోరంత జాగా గురించే నేను మాట్లాడదలచుకున్నది.

అమెరికా ఖండాల వారికి అది సక్రమమైన జాగానే. 1979లో జరిగిన అంతర్జాతీయ సమావేశం తర్వాత వారు బ్యాండును 1700 పైదాకా పొడిగించుకున్నారు. ఐరోపాలో ఆ పొడిగింపు లేదు, మనకూ లేదు. ఏ ప్రసార కేంద్రానికీ పట్టా ఇవ్వని పోరంబోకు అన్నమాట. పోరంబోకులో గుడిసెలు పడకుండా ఉంటాయా? హాలెండులో పడ్డాయి, గ్రీసులో పడ్డాయి. లైసెన్సు లేని స్టేషన్లు, సొంతంగా చేసుకున్న ట్రాన్స్‌మిటర్లు, పెరట్లోనో పొలంలోనో కట్టిన తీగలు. హాలెండు వాళ్లు వాటిని రహస్య స్టేషన్లు అంటారు, గ్రీకులు సముద్రపు దొంగల పేరు పెట్టుకున్నారు. అక్కడ చేసే దొంగతనమల్లా అకార్డియన్ పాటలు వేయడం, అవతలి ఊరి స్నేహితుడిని పలకరించి నీ సిగ్నల్ నా దగ్గర ఇలా వినపడుతోంది అని చెప్పడం.

వాళ్లు డయలు చివరనే ఎందుకు చేరారని విద్యార్థులు అడగాలి. అడగడం లేదు కాబట్టి నేనే చెబుతాను. మొదటిది, అక్కడ ప్రభుత్వ స్టేషను లేదు కాబట్టి ఎవరి ప్రసారానికీ అడ్డం రాదు. రెండోది, ఇంటింటా ఉన్న మామూలు రేడియో ముల్లు ఎలాగో అక్కడిదాకా పాకుతుంది, కాబట్టి శ్రోతలు ప్రత్యేకంగా సెట్టు కొనక్కరలేదు. మూడోది తీగ పొడవు. 837 కిలోహెర్ట్జ్‌కు అల పొడవు సుమారు 358 మీటర్లు. ప్రసారానికి అందులో పావు వంతు ఎత్తున స్తంభం నిలబెట్టాలంటే తొంభై మీటర్ల టవరు కావాలి, దానికి ప్రభుత్వమే దిగిరావాలి. 1650 దగ్గర అందులో సగం చాలు, నలభై అయిదు మీటర్లు. రెండు పెద్ద చెట్లు ఉన్నవాడు ఎలాగో కట్టుకుంటాడు.

వాళ్లను మనం ఇక్కడినుంచి వినవచ్చా? మన ఏరియల్‌తో ఆశ పెట్టుకోవద్దు. హాలెండులో ఎన్‌స్కెడే అనే ఊరుంది, ట్వెంటె విశ్వవిద్యాలయం అక్కడిది. అక్కడి విద్యార్థుల రేడియో సంఘం రిసీవరు ముల్లును 2008 నుంచి ఇంటర్నెట్ ద్వారా ప్రపంచంలో ఎక్కడినుంచైనా తిప్పుకోవచ్చు. మీ చేతిలో ఉన్న ఫోను చాలు. మనకు అర్ధరాత్రి అయ్యేసరికి చలికాలంలో వాళ్లకు చీకటి పడి ఉంటుంది, ఎండాకాలంలో ఇంకాస్త ఆగాలి. శనివారం అయితే మరీ మంచిది. 1600 నుంచి 1700 దాకా తెర మీద పెట్టుకుని కూర్చోండి. నల్లటి తెర మీద ముందు ఒక సన్నని తెల్లగీత పడుతుంది. మాటా ఉండదు, పాటా ఉండదు. ఎవరో స్విచ్ వేశారన్నమాట. సర్కారువారి స్టేషన్ల గీత స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది, ఈ గీత మాత్రం వేడెక్కేకొద్దీ కొంచెం కొంచెం పక్కకు ఒరుగుతుంది. వాల్వులు, చేత్తో చుట్టిన కాయిల్సు కదా. కాసేపటికి గీతకు రెండు వైపులా రెక్కలు విచ్చుకుంటాయి. పాట మొదలైంది. నాకు డచ్చి భాష రాదు. అయినా పాట ఆపి ఆ మనిషి గొంతు సవరించుకుంటే, ఇప్పుడు ఇంకొకరిని పిలవబోతున్నాడని తెలుస్తుంది. అతను ఆగుతాడు. పక్కనే రెండో గీత పడుతుంది.

సరే, మన గాలిలో ఏమి దొరుకుతుంది? ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. మా దగ్గరికి వచ్చే కుర్రవాడు ఒకడు ఒక రాత్రి ఫోను చేసి “తాతగారూ, 1674 మీద తెలుగు స్టేషను! లైసెన్సు లేనిది! లలిత సంగీతం వేస్తున్నారు!” అని అరిచాడు. నేను ఒక్కటే అడిగాను: ఎనిమిది వందల ముప్పై ఏడును రెండుతో హెచ్చవేస్తే ఎంత? అవతల కాసేపు నిశ్శబ్దం. ఊళ్లో నూరు కిలోవాట్ల స్టేషను ఉన్నప్పుడు చవక సెట్టు ఆ బలానికి తట్టుకోలేక దాని రెట్టింపు దగ్గర కూడా అదే పాట పాడుతుంది. అప్పటినుంచి వాడు లెక్కలు వేశాకే ఫోను చేస్తాడు. విద్యార్థులకు చెప్పేది కూడా అదే. వింత స్టేషను వినగానే ముందు సగం చేసి చూడండి. తర్వాత సెట్టును బల్ల మీద పెట్టి మెల్లగా తిప్పండి. లోపల ఏరియల్‌గా పనిచేసే ఫెరైట్ కడ్డీ కొన స్టేషను వైపు తిరిగినప్పుడు గొంతు సన్నబడుతుంది. సరిగ్గా 837 సన్నబడే దిక్కులోనే ఇదీ సన్నబడితే అది మన పాత చుట్టమే.

అసలు ఏదైనా వినపడితే కదా! ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, చార్జర్లు అన్నీ కలిసి మీడియం వేవ్‌ను తినేశాయి. మా అపార్టుమెంటులో కొత్త లిఫ్టు పెట్టారు. అది నాలుగో అంతస్తుకు ఎక్కుతున్నంతసేపు బ్యాండు మొత్తం గర్‌ర్‌ర్ మంటుంది. సంఘం సమావేశంలో లేచి చెప్పాను. ఆ రొదను ఆపే వడపోత పెట్టించండి, ఖర్చులో నా వాటా రెండింతలు ఇస్తానన్నాను. “ఇంకా రేడియో ఎవరు వింటారండీ?” అన్నారు. వినేవాడు ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే అడిగే ప్రశ్నేనా అది? ఇక్కడ అపార్టుమెంటు సంఘాల వారు ఎవరైనా ఉంటే దయచేసి సభ తర్వాత నన్ను కలవండి. ఈ విషయం ఇంతటితో వదలను.

ఎక్కడ ఉన్నాం? లైసెన్సు. విద్యార్థులు నమ్మరు గానీ, ఈ దేశంలో ఒకప్పుడు లైసెన్సు లేని స్టేషనే కాదు, లైసెన్సు లేని శ్రోత కూడా నేరస్తుడే. 1933 నాటి వైర్‌లెస్ చట్టం ప్రకారం రేడియో సెట్టు ఇంట్లో ఉంచుకోవడానికే అనుమతి కావాలి. పోస్టాఫీసుకు వెళ్లి, ఏటా రుసుము కట్టి, పుస్తకంలో స్టాంపు అంటించుకుని రావాలి. 1980ల నడిమిదాకా ఆ పద్ధతి సాగింది. మా నాన్నగారు ఆ పుస్తకాన్ని ఇంటి పన్ను రసీదులతో కలిపి ట్రంకు పెట్టెలో దాచేవారు.

అప్పటి సంగతి ఒకటి చెప్పాలి. అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు, నేను చూశాను. అయినా ఇది చెప్పాలి. గుంటూరు బ్రాడీపేటలో మేం అద్దెకుండేవాళ్లం. పక్క వాటాలో ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరూ ఏసీ కాలేజీ. ఏదో పత్రికలో సర్క్యూటు చూసి, పాడైన సెట్టు కాయిలు పీకి, ఒక్క ట్రాన్సిస్టరుతో బుల్లి ట్రాన్స్‌మిటరు చేశారు. డాబా మీద బట్టలారేసే తీగే ఏరియల్. డయలు చివర, ఏ స్టేషనూ లేని చోట పెట్టారు. రేకార్డు ప్లేయరు ముందు మైకు పెట్టి ఘంటసాల పద్యాలు వేసేవారు. నాలుగైదు ఇళ్లకు వినపడేది. నాకు అనౌన్సరు పదవి ఇస్తామన్నారు గానీ గొంతు బాగాలేదని తీసేశారు. ఆ గొంతుతోనే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

ఒకరోజు మధ్యాహ్నం రేకార్డు అయిపోయింది. అన్నదమ్ములు ఇంకోటి తేవడానికి వెళ్లారు, మైకు ఆపలేదు. వాళ్లమ్మగారు, పిన్నిగారు ఆ గదిలోనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఇంటి ఓనరమ్మ గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నీళ్ల మోటారు ఎప్పుడు ఆపుతుంది, కరెంటు బిల్లు ఎలా పంచుతుంది, కోడలికి పెట్టిన గాజులు అసలు బంగారమేనా, అన్నీ వరసగా. ఓనరమ్మ కింద వాటాలో పాటల కోసం ముల్లు తిప్పుతూ తిప్పుతూ చివరికి వచ్చింది. తన పేరు రేడియోలో విని ముందు సంతోషించిందట. మర్నాడే ఇల్లు ఖాళీ చేయమంది. 1933 చట్టానికి దొరకని స్టేషను ఓనరమ్మకు దొరికింది.

నవ్వండి, కానీ ఒక్క మాట. ఆ వీధి గురించి ఆ వీధివాళ్లే మాట్లాడుకోవడం నేను రేడియోలో విన్నది ఆ ఒక్క మధ్యాహ్నమే. ఆకాశవాణి మీద నాకు ఎంతో గౌరవం ఉంది, నా చెవులను పెంచింది ఆ కేంద్రమే. అయితే మా నీళ్ల మోటారు సంగతి వాళ్లు చెప్పరు కదా!

పెద్ద సంగతికి వద్దాం. క్విట్ ఇండియా రోజుల్లో, 1942 ఆగస్టు 27న బొంబాయిలో ఉషా మెహతా, ఆమె మిత్రులు 42.34 మీటర్ల మీద కాంగ్రెస్ రేడియో మొదలుపెట్టారు. అది షార్ట్ వేవ్, మన జాగా కాదు, అయినా లైసెన్సు లేనిదే. ఇళ్లు మారుస్తూ నడిపారు. నవంబరు 12న పట్టుబడ్డారు. ఆ ప్రసారాలు ఇవాళ మనకు తెలియడానికి పోలీసులు చెవి పెట్టి విని రాసుకున్న కాగితాలూ ఒక కారణమే. వినేవాడు రాసుకోవాలి అని నేను పోరేది అందుకే. తేదీ, సమయం, కిలోహెర్ట్జ్, ఏమి విన్నారు. ఒక నోటుపుస్తకం చాలు.

ఇక మన రాష్ట్రం. 2002లో కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు ‘మన రేడియో’ పేరుతో చిన్న ఎఫ్‌ఎం స్టేషను నడిపారు. ఊరు దాటి వినపడేంత శక్తి లేదు దానికి. కొన్ని నెలలకే లైసెన్సు లేదని మూయించారు. అప్పటికి సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పి ఏడేళ్లు దాటింది, ఆ తీర్పు 1995 ఫిబ్రవరి 9ది. అప్పట్లో మన రాష్ట్రంలోనే ఉన్న జహీరాబాదు దగ్గర ‘సంఘం రేడియో’ మహిళలకు స్టూడియో 1990ల చివరికే ఉంది. కార్యక్రమాలు చేసి క్యాసెట్లలో ఊరూరా వినిపించుకున్నారు. గాలిలోకి వెళ్లింది 2008 అక్టోబరు 15న. స్వచ్ఛంద సంస్థలకు దారి తెరిచిన సామాజిక రేడియో విధానం 2006లో వచ్చాక కూడా సంస్థ ఉండాలి, దరఖాస్తులు ఉండాలి, అనుమతులు ఉండాలి. సొంతంగా వార్తలు చెప్పకూడదు. బ్రాడీపేట అన్నదమ్ములకు అందులో చోటు లేదు.

అమెరికాలో లైసెన్సు లేకుండానే వంద మిల్లీవాట్లతో, మూడు మీటర్ల తీగతో మీడియం వేవ్‌లో ఎవరైనా మాట్లాడుకోవచ్చు. అది దాటినవాడి మీద 2020 నాటి చట్టం రోజుకు లక్ష డాలర్ల దాకా జరిమానా పెట్టింది. హాలెండు వాళ్లు పట్టుకుని పట్టుకుని చివరికి చిన్న శక్తి మీడియం వేవ్ స్టేషన్లకు లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టారు. నేను అడిగేది కూడా అంతే. వంద మిల్లీవాట్లు! ఒక టార్చి బల్బుకన్నా తక్కువ. వీధి దాటని శక్తి. 1602 అవతల ఆ గోరంత జాగాలో ఇవ్వండి. మైకు ఆపకుండా వెళితే ఏమవుతుందో ఓనరమ్మలు చూసుకుంటారు.

ఆ మేరకు ఒక వినతిపత్రం రాసి తెచ్చాను, తలుపు దగ్గర బల్ల మీద ఉంది. ముందు వరుసలోని ఆకాశవాణి మిత్రులు కూడా సంతకం పెట్టాలని నా కోరిక. పెన్షనుకు ఏమీ ఢోకా లేదు, నేను కనుక్కున్నాను.

చీటీ వచ్చింది, ముగించమన్నారు. మీ ఇళ్లలో అటక మీద పాత సెట్లు ఉంటే పాత ఇనుముకు వేయకండి. ముల్లు కదలడం లేదంటే చాలాసార్లు తెగింది డయలు దారమే, అరగంట పని. వచ్చే ఆదివారం ఉదయం ఇదే హాలుకు తీసుకురండి, నేనూ మా లెక్కల కుర్రవాడూ కలిసి చూస్తాం. బ్యాటరీలు మాత్రం తీసేసి తీసుకురండి.