బియ్యం కల్తీ కాదు

(మే నెల మొదటి శనివారం, డాలస్‌లో ఇంట్లో బీర్ తయారుచేసుకునే తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. గరాజ్ ఇచ్చిన మిత్రుడికి, పొద్దున్నే వచ్చి కుర్చీలు వేసిన పిల్లలకు, పులిహోర తెచ్చిన అక్కయ్యగారికి థాంక్స్. నన్ను మాట్లాడమన్నది సామాను గురించి. ఏ గిన్నె కొనాలి, ఏ బర్నర్ మంచిది అని. అది షాపులో అడిగినా చెబుతారు. నేను బీర్‌లో వేసే బియ్యం గురించి మాట్లాడతాను. పక్కన స్టవ్ మీద కిలో సోనా మసూరి రవ్వ, అయిదు లీటర్ల నీళ్లు, 150 గ్రాముల బార్లీ మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, వేసి పెట్టాను. మధ్యలో లేచి వెళ్తుంటాను, ఏమీ అనుకోవద్దు.

నాలుగేళ్ల కిందట ఒక పోటీకి నేను బియ్యం వేసి చేసిన లాగర్ బీర్ పంపాను. మార్కుల కాగితం తిరిగొచ్చింది. అందులో ఒక జడ్జిగారు రాసిన ముక్క ఇప్పటికీ నోటికి వచ్చు: చవక సరుకుతో నింపారు. పులుపెక్కిందనో, వాసన బాగాలేదనో రాస్తే ఒప్పుకునేవాణ్ణి, సరిదిద్దుకునేవాణ్ణి. అలాంటిదేమీ లేదు. బియ్యం వేశాను, అదే తప్పు. మా నాన్న కోనసీమలో రెండెకరాల వరి మీద మా ముగ్గురినీ చదివించారు. అన్నం మెతుకు కిందపడితే కళ్లకద్దుకుని తీసే ఇల్లు మాది. ఆ మాట గుచ్చుకుంది. ఇవాళ మైకు ఇచ్చారు కాబట్టి చెప్పుకుంటున్నాను.

ఈ చిన్నచూపు వెనక జర్మనీలోని బవేరియాలో 1516లో వచ్చిన చట్టం ఉంది. బీర్‌లో బార్లీ, హాప్స్ (చేదు, వాసన ఇచ్చే పువ్వులు), నీళ్లు తప్ప ఇంకేమీ వేయకూడదని అందులో రాశారు. దాన్నే శుద్ధికి కొలబద్ద అంటారు. అది ఆ ఊరి చట్టం, ఆ కాలం చట్టం. జర్మనీ పక్కనున్న బెల్జియంలో విట్‌బీర్ అనే తెల్ల బీర్‌కి దాదాపు సగం మొలకెత్తించని గోధుమలే వాడతారు. అక్కడి పుల్లటి బీర్ లాంబిక్‌లో వాటిని కనీసం 30 శాతం వేస్తారు. ఐర్లండ్ వాళ్ల గిన్నిస్ బీర్‌కి ఆ నలుపు, ఆ కాఫీలాంటి చేదు వేయించిన బార్లీ వల్ల వచ్చాయి, ఆ బార్లీ కూడా మాల్ట్ కాదు. వాటిని ఎవరూ కల్తీ అనరు. అమెరికాకి వలస వచ్చిన జర్మన్లకు ఇక్కడ దొరికిన ఆరు వరసల బార్లీలో ప్రొటీన్ ఎక్కువ, బీర్ మబ్బుగా వచ్చేది. దాన్ని తేట చేయడానికి మొక్కజొన్న, బియ్యం కలిపారు. 1876లో మొదలైన బడ్‌వైజర్‌లో బియ్యం ఉంది. అమెరికాలో చిన్న బ్రూవరీల సంఘం బ్రూవర్స్ అసోసియేషన్ కూడా క్రాఫ్ట్ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో రుచిని తేలిక చేసే ధాన్యాల మీద పెట్టిన షరతును 2014లో తీసేసింది. సంఘం మారింది, మార్కుల కాగితాలు మారలేదు.

ఒక్క నిమిషం. గిన్నెలో 70 డిగ్రీల సెల్సియస్ వచ్చింది, మంట తగ్గిస్తాను.

మాల్ట్ అంటే ఏమిటని కొత్తవాళ్లు అడిగారు. మీ అందరికీ తెలుసు. మా పాప పుట్టినప్పుడు అమ్మ ఇక్కడికి వచ్చి, రాగులు రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టింది. రాగి మాల్ట్. మామూలు రాగి పిండితో కాస్తే జావ గరిటెకు అంటుకుని ముద్దలా లేస్తుంది. అదే కొలతతో మొలకల పిండి వేస్తే పలచగా, కాస్త తియ్యగా ఉంటుంది. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని కోసి చక్కెర చేస్తాయి. బార్లీ మాల్ట్ చేసేదీ ఇదే. బియ్యంలో ఆ ఎంజైములు లేవు. బార్లీ దగ్గర కావలసినన్ని ఉన్నాయి, పక్కవాడికి పంచేన్ని ఉన్నాయి. అయిదో వంతు బియ్యం వేస్తే ఏ ఇబ్బందీ ఉండదు.

కానీ ముందు బియ్యం ఉడకాలి. నా మొదటి బ్యాచ్‌లో ఇది తెలియక, పచ్చి బియ్యాన్ని తిన్నగా 66 డిగ్రీల మాష్‌లో, అంటే వేడినీళ్లలో మాల్ట్ కలిపి ఉంచే గిన్నెలో, వేశాను. బార్లీ పిండి ఆ వేడికే విచ్చుకుంటుంది. బియ్యానికి చాలదు, 70 దాటాలి, కొన్ని రకాలకు ఇంకా ఎక్కువ కావాలి. గంట తర్వాత తెల్ల సాసర్‌లో ఒక చుక్క మాష్ వేసి, దాని మీద టింక్చర్ అయోడిన్ చుక్క వేశాను. గోధుమ రంగులోనే ఉంటే పిండి అంతా చక్కెర అయినట్టు. నాది సిరాలా నల్లబడింది. ఇంకో అరగంట ఆగి మళ్లీ చూశాను, మళ్లీ నలుపే. అడుగున గరిటె పెట్టి చూస్తే బియ్యం ఎసట్లో పడనట్టే పలుకు పలుకుగా తగిలింది. బియ్యం ఉడికించాలని నాకు తెలియదా? అన్నం తినేవాణ్ణే కదా! పుస్తకంలో లేదని ఉడికించలేదు. ఆ రోజు దుఃఖం వచ్చింది.

ఇటు రండి, వెనక కూర్చున్నవాళ్లు కూడా రండి. ఇందాక గరిటె నిలబడేంత గట్టిగా ఉంది. ఇప్పుడు చూడండి, గంజిలా జారుతోంది. ఆ 150 గ్రాముల మాల్ట్ చేసిన పని. పావుగంట ఇలా ఉంచి, తర్వాత ఇరవై నిమిషాలు మరిగించి, అటు 50 డిగ్రీల దగ్గరున్న పెద్ద మాష్‌లో పోస్తాం. అందులో మూడున్నర కిలోల బార్లీ మాల్ట్ ఉంది. ఈ మరిగిన జావ వేడికి అదంతా 65 దగ్గరకు వస్తుంది, వేరే మంట అక్కర్లేదు.

ఇంత ఓపిక లేదంటారా, అటుకులు వేయండి. పటేల్ బ్రదర్స్‌లో దొరికేవే. అటుకులు ఒకసారి వేడి చూసి నలిగినవి కాబట్టి తిన్నగా మాష్‌లో వేసుకోవచ్చు. హోమ్‌బ్రూ షాపులో ఫ్లేక్డ్ రైస్ అని అమ్మేదీ దాని చుట్టమే. ఓట్స్, గోధుమ ఎక్కువ వేస్తే మాత్రం మాష్ జిగురెక్కి వడకట్టు మూసుకుపోతుంది, అప్పుడు ఊక కలపాలి. మా ఊళ్లో మిల్లు వెనక గుట్టలుగా పోసి తగలబెట్టే ఊకను ఇక్కడ పౌండ్ల లెక్కన కొంటున్నాను. కొన్న ప్రతిసారీ నాన్న గుర్తొస్తారు.

బియ్యం రుచి ఇవ్వదు, నిజమే. దారి ఇస్తుంది. నాలుక మీద బరువు లేకుండా హాప్స్ వాసన ముందుకు వస్తుంది, తాగాక నోట్లో రుచి శుభ్రంగా ఆగిపోతుంది. టెక్సాస్ ఎండలో ఇంతకంటే ఏం కావాలి? మీరు కూడా పోటీలకు పంపండి. ఏమేం వేశారో అడిగితే బియ్యం అని దాచకుండా రాయండి. పదిమందీ రాస్తే ఆ జడ్జిగారే రుచి చూసి మాట్లాడతారు.

ఇండియా వెళ్లినప్పుడు మాత్రం ఈ పని పెట్టుకోకండి. లైసెన్స్ లేకుండా తయారుచేస్తే మన ఎక్సైజ్ చట్టాల ప్రకారం నేరం. ఇక్కడ కూడా 1978 చట్టం వచ్చాకే దారి దొరికింది. పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు ఉంటే 200, అదీ అమ్మకూడదు.

పావుగంట అయింది, మంట పెంచుతున్నాను. తమ్ముడూ, ఆ పొడుగు చెక్క గరిటె అందుకో. అడుగంటితే మొత్తం బ్యాచ్‌కి మాడు వాసన పడుతుంది. గిన్నె అడుగు తగిలేలా కలుపుతూ ఉండు, ఈలోగా నేను మాష్ ఎంత వేడిగా ఉందో చూసి వస్తాను.