పాత కారుకు కొత్త చక్రాలు: కొలిచాకే కొనండి

(విశాఖపట్నం స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: ఒక పద్మిని కారు యజమాని, ఆటోనగర్‌లో పాత కార్లు బాగుచేసే మెకానిక్, మెకానికల్ ఇంజినీరింగ్ విశ్రాంత ప్రొఫెసర్.)

సమన్వయకర్త: నమస్కారం. పద్మిని, అంబాసిడర్ వంటి కార్లను అపురూపంగా చూసుకునేవారు మన ఊళ్లో ఉన్నారు. వాటికి బజారులో దొరికే అలాయ్ చక్రాలు, అంటే అల్యూమినియం మిశ్రమంతో చేసినవి, వేయించాలంటే ఏమి చూడాలి? అమ్మా, మీతోనే మొదలుపెడదాం.

యజమాని: గాజువాకలో ఒక దుకాణంలో చక్రాలు నచ్చాయండి. మా కారుకున్నట్టే 14 అంగుళాలు, నాలుగు నట్లు. సరిపోతాయని దుకాణదారు అన్నారు. ఆ మాట మీద కొనవచ్చా?

మెకానిక్: వద్దమ్మా. రంధ్రాల లెక్క కలిస్తే చాలదు, ఆ రంధ్రాలు ఉన్న వలయం వ్యాసం కలవాలి. మేము పీసీడీ అంటాం. మీ పద్మిని ఫియట్ నమూనాదే. ఫియట్ కార్లలో చాలావాటికి అది 98 మిల్లీమీటర్లు. ఇప్పటి చిన్న కార్లలో ఎక్కువగా కనిపించేది 100. ఈ తేడా కంటికి తెలియదు. నట్లు ఎక్కుతాయి కూడా, కానీ పక్కకు ఒరిగి బిగుస్తాయి. అలా బిగిసిన స్టడ్డు, అంటే నట్టు ఎక్కే మరల కడ్డీ, కారు కదిలినప్పుడల్లా వంపుకు గురవుతుంది. తెగేది అందుకే.

ప్రొఫెసర్: కారు పేరు చెప్పి చక్రం అడగడమూ ప్రమాదమే. వోక్స్‌వాగన్ బీటిల్‌నే తీసుకోండి. పాతవాటికి 5 బోల్టులు, 205 మిల్లీమీటర్ల పీసీడీ. 1960ల చివరి నుంచి వచ్చినవాటికి 4 బోల్టులు, 130. అందుకే మీ కారునే కొలవాలి. నాలుగు స్టడ్లుంటే ఎదురెదురు వాటి కేంద్రాల మధ్య దూరమే పీసీడీ. అయిదుంటే, పక్కదాన్ని వదిలేసి ఆ తరువాతి దాని వరకు కొలిచి 0.951తో భాగించండి. 108.7 వచ్చిందంటే మీది 114.3.

సమన్వయకర్త: అది కుదిరితే ఇక బెంగ లేనట్టేనా?

ప్రొఫెసర్: లేదండీ, అసలు చిక్కు ఆఫ్‌సెట్‌తో. చక్రం వెడల్పుకు సరిగ్గా నడుమ ఒక గీత ఊహించుకోండి. హబ్‌కు, అంటే కారు వైపు చక్రాన్ని బిగించే భాగానికి, ఆనుకునే ముఖం ఆ గీత నుంచి ఎంత దూరంలో ఉందో చెప్పేదే ఆఫ్‌సెట్. చక్రం మీద ఈటీ అని అచ్చు వేస్తారు. ముందు చక్రాలతో నడిచే నేటి కార్లకు ఇది 35, 40, 45 ఇలా ఉంటుంది. వెనుక చక్రాలతో నడిచే పాత కార్లలో సాధారణంగా బాగా తక్కువ. ఈటీ 15 ఉండవలసిన చోట ఈటీ 40 చక్రం బిగిస్తే అది 25 మిల్లీమీటర్లు లోపలికి వెళ్లిపోతుంది. పైగా రిమ్ము వెడల్పు 4 అంగుళాల నుంచి 5.5కు పెరిగితే లోపలి వైపు మరో 19. మొత్తం 44 మిల్లీమీటర్లు. పాత కారులో అంత ఖాళీ ఎక్కడుంది?

యజమాని: లోపల తగిలితే హబ్‌కు, చక్రానికి మధ్య స్పేసర్లు, అంటే లోహపు బిళ్లలు, వేయవచ్చని అంటున్నారు.

మెకానిక్: అయిదు మిల్లీమీటర్ల స్పేసరయితే నేను వేస్తాను. కానీ నట్టు స్టడ్డు మీద కనీసం ఆ స్టడ్డు మందమంత లోతున పట్టాలి. 12 మిల్లీమీటర్ల స్టడ్డుకు మరల మధ్య దూరం 1.5 మిల్లీమీటర్లయితే నట్టు ఎనిమిది చుట్లు తిరగాలి. అంతకంటే తక్కువ తిరిగితే వేయను.

ప్రొఫెసర్: మేస్త్రి గారూ, నేను అదీ ఒప్పుకోను. సరైన ఆఫ్‌సెట్ ఉన్న చక్రం దొరికేదాకా ఆగడమే మేలు. చక్రాన్ని మరీ బయటికి నెట్టినా బేరింగుల మీద భారం పెరుగుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది, గుంతలో పడితే టైరు మడ్‌గార్డును కోస్తుంది.

మెకానిక్: నట్ల సంగతి కూడా చెప్పాలి సార్. కొన్నింటి ముఖం శంకువులా, కొన్నింటిది గుండ్రంగా, కొన్నింటిది చదునుగా ఉంటుంది. అలాయ్ చక్రం గుంటకు సరిపడే ముఖమున్న నట్లే వాడాలి. ఇనుప చక్రాల పాత నట్లతో బిగించి పంపేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది.

సమన్వయకర్త: రిమ్ము పెద్దది వేస్తే?

ప్రొఫెసర్: చూడవలసింది టైరుతో కలిపిన మొత్తం వ్యాసం. 165/80 ఆర్ 13 టైరుతో 594 మిల్లీమీటర్లు; ఇందులో చివరి సంఖ్య రిమ్ము అంగుళాలు. 185/60 ఆర్ 14 వేస్తే 578. రిమ్ము పెరిగింది, చక్రం చిన్నదైంది! స్పీడోమీటరు ఉన్న వేగం కంటే ఎక్కువ చూపుతుంది. తేడా మూడు శాతం దాటనివ్వకండి.

సమన్వయకర్త: వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు అడ్డం వస్తుందా?

ప్రొఫెసర్: 2021 కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కారుకు వీఏ అక్షరాలున్న నంబరు ఇస్తారు. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చి ఉండకూడదని అందులో ఉంది. చక్రాల ప్రస్తావన అక్కడ లేదు. అయినా అసలు చక్రాలను అమ్మకండి. కారు పుట్టుకతో వచ్చినవి మళ్లీ దొరకవు.

మెకానిక్: బీచ్ రోడ్డు మీద తిరిగే కార్లకు ఇంకో బెడద. ఉప్పుగాలి తేమలో అల్యూమినియం, ఇనుము ఆనుకుని ఉంటే తుప్పు పట్టి చక్రం హబ్‌కు అతుక్కుపోతుంది. బిగించే ముందు హబ్ ముఖం శుభ్రంగా తోమాలి.

యజమాని: అయితే ఆ దుకాణంలో నేను ఏమి అడగాలి?

మెకానిక్: టైరు ఎక్కించకుండా ఒట్టి చక్రాన్ని కారుకు బిగించి చూపించమనండి. స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పించండి, లోపల చేయి పెట్టి ఖాళీ చూడండి. తరువాత టైరుతో, నలుగురిని కూర్చోబెట్టి సింహాచలం ఘాట్ రోడ్డు మలుపుల్లో నెమ్మదిగా తిప్పండి. ఎక్కడైనా రాసుకుంటే అక్కడ తెలుస్తుంది. తిరిగి వచ్చాక నట్లు మళ్లీ బిగించాలి. మొదటిదానికే దుకాణదారు ఒప్పుకోకపోతే అక్కడ కొనకండమ్మా, కారు మా షెడ్డుకు తీసుకురండి. కొలిచి కాగితం మీద రాసిస్తాను.