తిరుపతిలో మా మిద్దె మీద యేసు క్లాసు | సెలవుల వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? మీరు చూస్తున్నది తిరుపతిలో మా ఇంటి మిద్దె. ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు, ఒక చాప, మూలన నీళ్ళ క్యాన్, వెనకాల కొండ. రాత్రయితే మెట్లదారి లైట్లు ఇక్కణ్ణుంచి వరసగా కనిపిస్తాయి, చిన్నప్పుడు నేనూ తమ్ముడూ వాటిని లెక్కపెడుతూ ఇక్కడే నిద్రపోయేవాళ్ళం. ఈ సెలవుల్లో ఇక్కడ యేసు గురించి ఒక క్లాసు పెట్టాం, ఈ కుర్చీల్లో మనుషులు కూర్చున్నప్పుడు నేను ఫోన్ బయటికి తీయలేదు. వచ్చినవాళ్ళు మా ఇంటిని నమ్మి వచ్చారు, వాళ్ళ మొహాలు వీడియోలో పెట్టడం నాకిష్టం లేదు. అందుకే ఖాళీ కుర్చీలు చూపిస్తూ చెప్తాను. పక్కింటి అత్త మాటలు మాత్రం ఆమెని అడిగి, సరే చెప్పుకో అన్నాకే చెప్తున్నా.

ఈ ఆలోచన నాకు ఇంగ్లండ్‌లో వచ్చింది. అక్కడ రెడింగ్‌లో మేము వెళ్ళే చర్చిలో ఆల్ఫా అని ఒక కోర్సు నడుపుతారు. క్రైస్తవ విశ్వాసం అంటే ఏమిటో అసలు తెలియనివాళ్ళకి, తెలుసుకోవాలనుకునేవాళ్ళకి. వారానికి ఒక సాయంత్రం, రెండున్నర నెలలు దాదాపు, ఫీజు లేదు. ముందు అందరూ కలిసి భోంచేస్తారు, తర్వాత అరగంట ప్రసంగమో వీడియోనో ఉంటుంది, ఆ తర్వాత చిన్న చిన్న గుంపులుగా కూర్చుని మాట్లాడుకుంటారు. యేసు ఎవరు, ఆయన ఎందుకు చనిపోయాడు, ప్రార్థన ఎందుకు చేయాలి, ఎలా చేయాలి, ఇలా వారానికి ఒక ప్రశ్న. 1977లో లండన్‌లోని హోలీ ట్రినిటీ బ్రాంప్టన్ చర్చిలో చార్లెస్ మార్నమ్ అనే పాస్టర్ దీన్ని మొదలుపెట్టారు, అప్పట్లో అది కొత్తగా నమ్మినవాళ్ళ కోసమే. 1990లో నికీ గంబెల్ చేతికి వచ్చాక, ఆయన అంతకుముందు లాయరుగా పనిచేసిన మనిషి, చర్చి గడప తొక్కనివాళ్ళు కూడా దీనికి వస్తున్నారని గమనించి, మొత్తం వాళ్ళని దృష్టిలో పెట్టుకుని మార్చారు. ఇప్పుడు చాలా దేశాల్లో, క్యాథలిక్ చర్చిల్లో కూడా నడుస్తోంది.

నేను మొదట అక్కడికి వంట సాయానికి వెళ్ళాను. చర్చి వంటగదిలో పెద్ద గిన్నెడు నిమ్మకాయ పులిహోర చేసిచ్చి వచ్చేద్దామనుకుంటే, ఒక టేబుల్ దగ్గర మనిషి తక్కువయ్యారు, కూర్చోమన్నారు. మా టేబుల్‌లో భార్యని పోగొట్టుకున్న ఒక పెద్దాయన, ఇద్దరు స్టూడెంట్లు, చిన్నపిల్లని ఒళ్ళో పెట్టుకున్న ఒకమ్మాయి. ఆ పెద్దాయన, దేవుడుంటే నా భార్యకి ఇంత నొప్పి ఎందుకు ఇచ్చాడు అని అడిగాడు. నాకు నోటికి వాక్యాలు బాగా వచ్చు, వెంటనే బైబిల్లోని రోమా పత్రిక ఎత్తుకున్నాను. టేబుల్ చూసుకునే ఆవిడ నా చేతి మీద మెల్లగా చెయ్యి వేసి, ఆయన వైపు తిరిగి, ఆవిడ పేరేంటండీ అని అడిగింది. అంతే. ఆయన ఆ రోజు ఇంకేమీ మాట్లాడకుండా తన భార్య గురించి ఇరవై నిమిషాలు చెప్పాడు, మళ్ళీ వారం అందరికంటే ముందు వచ్చి కుర్చీలు వేశాడు.

ఆ టేబుల్ నడిపేవాళ్ళకి నేర్పేది అదేనట, జవాబు చెప్పడానికి తొందరపడొద్దు, మీకేమనిపిస్తోంది అని అడుగు, అడిగి ఊరుకో. నాకది అలవాటు కావడానికి చాలా వారాలు పట్టింది. ఎందుకో మీకు చెప్పాలంటే నా చిన్నప్పటి క్లాసు గురించి చెప్పాలి.

మాది లూథరన్ కుటుంబం, అంటే జర్మనీలో మార్టిన్ లూథర్‌తో మొదలైన ప్రొటెస్టెంట్ శాఖ. 1860లలో జర్మనీలోని హెర్మన్స్‌బుర్గ్ నుంచి వచ్చిన మిషనరీలు మా వైపు పనిచేశారు, ఆ చర్చిలే తర్వాత సౌత్ ఆంధ్రా లూథరన్ చర్చి అయ్యాయి, దాని కేంద్రం తిరుపతే. చిత్తూరు, మదనపల్లి వైపు అమెరికా నుంచి వచ్చిన ఆర్కాట్ మిషన్ వాళ్ళు ఉండేవాళ్ళు, మా చిత్తూరు మేనత్త వాళ్ళది సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా. ఎవరిదైనా పన్నెండు పదమూడేళ్ళు వచ్చాయంటే క్లాసులకి పంపించేవాళ్ళు. మాకు పాఠం లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరి. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం, అన్నీ ప్రశ్న, జవాబు. ఇదిగో, ఇది మా తాత వాడిన పుస్తకం. అట్ట ఎప్పుడో ఊడిపోతే అవ్వ బియ్యం సంచి దారంతో కుట్టింది, కుట్టు వేసిన చోట కాగితం చిరగకుండా లోపల గుడ్డపీలిక పెట్టింది చూడండి. మార్జిన్‌లో పెన్సిల్ టిక్కులు, మా నాన్నకి కంఠతా వచ్చిన జవాబుల దగ్గరల్లా ఒకటి.

ఆ క్లాసులో నేను ఒకసారి, దేవుడు క్షమించాలనుకుంటే ఊరికే క్షమించొచ్చు కదా, యేసు ఎందుకు చనిపోవాలి అని అడిగాను. క్లాసు చెప్పే పెద్దమనిషి నన్ను నిలబెట్టి, ఇలాంటి ప్రశ్నలు సాతాను అడిగిస్తాడు అన్నారు. అందరి ముందు. ఆ రోజు నుంచి నేను జవాబులే నేర్చుకున్నాను, ప్రశ్నలు అడగడం మానేశాను, నాకు ఫస్ట్ ప్రైజ్ కూడా వచ్చింది.

ఈ మధ్య తెలుసుకున్నాక నాకు బాధగా అనిపించిన విషయం ఏంటంటే, లూథర్ ఆ పుస్తకం 1529లో రాసింది పిల్లల్ని నిలబెట్టడానికి కానే కాదు. జర్మనీలోని సాక్సనీలో ఊరూరా చర్చిలు చూడటానికి వెళ్ళి, జనానికి, కొన్నిచోట్ల పాస్టర్లకి కూడా, పరలోక ప్రార్థన సైతం రాకపోవడం చూసి, ఇంటిపెద్ద తన ఇంట్లోవాళ్ళకి సులువుగా చెప్పుకునేటట్టు రాశాడు. అందులో ప్రతి ముక్క తర్వాతా మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్న, దీనికి అర్థమేమి అని. ఇంట్లో అన్నం తిన్నాక పిల్లలు నాన్నని అడగాల్సిన ప్రశ్న అది. మన దగ్గరకొచ్చేసరికి పెద్దవాళ్ళు అడగడం, పిల్లలు అప్పజెప్పడం అయిపోయింది.

పోయినేడాది ఇదంతా నాన్నకి ఫోన్‌లో చెప్తుంటే, ఆయన రిటైర్డ్ టీచరు, చాలాసేపు ఏమీ అనలేదు. ఈసారి నేను వచ్చేసరికి మిద్దె కడిగించి కుర్చీలు తెప్పించి ఉంచారు. మా చర్చి అయ్యగారిని, అంటే పాస్టర్‌ని, అడిగి ఒప్పించారు కూడా. ఆల్ఫాలో మధ్యలో ఒక శనాదివారాలు బయటికి తీసుకెళ్ళి పరిశుద్ధాత్మ గురించి చెప్తారు, అది మా లూథరన్ పెద్దలకి కొంచెం ఇబ్బంది, నిజం చెప్పాలంటే నాకూ అక్కడ కొంత తొందర కనిపించింది. లండన్‌లోనే ఆల్ సోల్స్ చర్చిలో రికో టైస్ మొదలుపెట్టిన ఇంకో కోర్సు ఉంది, క్రిస్టియానిటీ ఎక్స్‌ప్లోర్డ్ అని, అది మొత్తం మార్కు సువార్త వెంబడి, అంటే బైబిల్లో యేసు జీవితం చెప్పే ఒక పుస్తకం వెంబడి నడుస్తుంది. నాన్నకి అది నచ్చింది. పదహారు అధ్యాయాలే కదా, మనమే చదువుకుందాం, భోజనం మాత్రం ఆల్ఫా లెక్కన పెడదాం అన్నారు.

ఇది తిరుపతి. కొండ మీద వేరే మతం ప్రచారం చట్టం ఒప్పుకోదు, అది సరైనదే అని నా ఉద్దేశం, ఒకరి గుడి దగ్గరికి వెళ్ళి మనది చెప్పడం మర్యాద కాదు. కింద ఊళ్ళో మన ఇంట్లో కూడా, పిలిచేటప్పుడే ఇది యేసు గురించిన క్లాసు అని నోరు తెరిచి చెప్పాలి. బర్త్‌డే పార్టీ అని పిలిచి ప్రార్థన పెట్టడం నేను చూశాను, చాలా తప్పు. మేము ముగ్గురు ఇరుగుపొరుగువాళ్ళకి చెప్పాం, ఇద్దరు వచ్చారు, ఒకరు రానన్నారు, రానన్నావిడ మరుసటి రోజు ఎప్పటిలాగే మా ఇంటికి కరివేపాకు కోసం వచ్చింది. శనివారం పెడదామంటే నేను వద్దన్నాను, పక్కింటి అత్తకి శనివారం ఒక్కపొద్దు. గురువారం పెట్టాం. వంట మొత్తం శాకాహారమే: రాగి సంగటి, చెనక్కాయల ఊరుబిండి, ఆకుకూర పప్పు, మజ్జిగ.

మొదటి వారం నాన్న నోట్లోంచి అలవాటుగా అన్యులు అనే మాట వచ్చేసింది. చర్చిలో మనం క్రైస్తవులు కానివాళ్ళని అలా అనేస్తాం, ఆలోచించం. ఎదురుగా కూర్చున్న అత్త, అన్యులంటే ఎవరు, అన్నా అని అడిగింది, ముప్పై ఏళ్ళుగా పక్కింట్లో ఉన్న మనిషి. నాన్న మొహం చూడాలి. మెల్లగా, తప్పు నాదేనమ్మా, ఆ మాట ఇంక అనను అన్నారు. అనలేదు కూడా.

మాటలతో ఎంత పని ఉందో అప్పుడు తెలిసింది నాకు. మన బైబిల్ తెలుగు మనకి అమ్మపాల లెక్క, కొత్తవాళ్ళకి అది ఇంకో భాష. ప్రాయశ్చిత్తం అంటే అత్తకి తెలిసింది తప్పు చేసినవాళ్ళే చేసుకోవాల్సిన పని. మనం చెప్పేది వేరేవాళ్ళు మన కోసం చేశారని. అదే మాట, అర్థం తలకిందులు. దేవుడు మనిషిగా వచ్చాడు అంటే, అవతారమా, రాముడిలాగానా అని ఇంకొకావిడ అడిగింది. నేను కాదు అనబోయి ఆగి, మీకు అవతారమంటే ఏంటో చెప్పండి అన్నాను. ఆవిడ దుష్టశిక్షణ, శిష్టరక్షణ గురించి ఎంత బాగా చెప్పిందంటే, దుష్టుల్ని శిక్షించడానికి రాకుండా వాళ్ళతో కలిసి భోంచేసిన మనిషి గురించి మార్కు రెండో అధ్యాయంలో చదివినప్పుడు తేడా ఏంటో నేను చెప్పాల్సిన అవసరమే రాలేదు. ఆవిడే అంది, ఇదేందమ్మా, ఈయన వీళ్ళ ఇంట్లో తింటున్నాడు అని.

పోయిన గురువారం సిలువ అధ్యాయం. సంగటి ముద్దలు అయిపోయాయి, కింద వీధిలో ఆటోల మోత, కొండ మీద లైట్లు వెలిగాయి. నాన్న చదవడం మొదలుపెట్టకముందే అత్త అడిగింది, “అన్నా, ఆయన దేవుడైతే ఆపుకోలేడా? అంత దెబ్బలు తిని ఎందుకు చావాల్సొచ్చె?”

పాతికేళ్ళ కింద నేను అడిగిన ప్రశ్న. నా గుండె దడదడలాడింది. అయ్యగారు కూడా ఆ రోజు వచ్చి ఉన్నారు, ఆయన గొంతు సవరించుకున్నారు. నాన్న చెయ్యెత్తి ఆగమన్నట్టు సైగ చేసి, నా వైపు చూశారు. ఎందుకు చూశారో నాకు తెలుసు, ఆ రోజు ఏడుస్తూ ఇంటికొస్తే నాకు జవాబు చెప్పకుండా, పెద్దవాళ్ళని అలా అడక్కూడదు పాపా అని ఆయన కూడా అన్నారు.

తర్వాత అత్తతో, “మంచి ప్రశ్నమ్మా. మా పాప కూడా అడిగింది. అప్పుడు నేను చెప్పలేదు” అన్నారు. బైబిల్ తెరిచి పదిహేనో అధ్యాయం మొత్తం నెమ్మదిగా చదివారు. నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి అన్న చోట ఆగారు.

“ఈయనే అడుగుతున్నాడే” అంది అత్త.

“అవునమ్మా.”

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అత్త తన పెద్దకొడుకు పోయిన సంవత్సరం గురించి మాట్లాడింది, అది మాత్రం ఇక్కడ చెప్పను. నాన్న జవాబు కూడా చెప్పారు, తనకి అర్థమైనంత వరకు, మన పాపం ఆయన తన మీద వేసుకున్నాడని, ఊరికే క్షమించడం అనేది లేదని, ఎవరో ఒకరు ఆ నష్టం భరించాలని, అప్పు మాఫీ చేసినవాడి జేబులోంచే కదా డబ్బు పోతుంది అని. అత్త విని, అర్థమైంది కానీ ఇంకా ఒప్పలేదన్నా అంది. సరేనమ్మా అన్నారు నాన్న, ఇంకొంచెం మజ్జిగ పోశారు.

ఈ గురువారం పదహారో అధ్యాయం, ఖాళీ సమాధి. నా ఫ్లైట్ శుక్రవారం రాత్రి, కాబట్టి ఇది ఒక్కటే నాకు మిగిలింది. పొద్దున అత్త గోడ మీంచి పిలిచి, ఈసారి పులిహోర నేను చేస్తా, చింతపండుది, నువ్వు చేసే నిమ్మకాయది వద్దు అంది. ఇంకో కుర్చీ కూడా వేయమంది, వాళ్ళ కోడలు కూడా వస్తానంటోందట. ఇదిగో, తొమ్మిదోది ఇక్కడ వేస్తున్నా, కొండ కనిపించే వైపు.