కాంపాక్ట్ సెడాన్ కొత్తదా, సెకండ్ హ్యాండా? వైజాగ్‌లో మీటరు కన్నా ముందు బండి అడుగు చూడండి

నమస్కారం. ఇప్పుడు మీరు తెరపై చూస్తున్నది ఒక సెడాన్ డిక్కీలో స్టెప్నీ టైరు కూర్చునే గుంట. కార్పెట్ ఎత్తి, స్టెప్నీని బయటికి తీసి, ఫోన్ లైటు వేస్తే కనిపించిన దృశ్యం ఇది. అతుకు వెంట గోధుమరంగు పొర ఉంది, గోటితో గీరితే పొడి రాలుతోంది, మూలన నీరు నిలిచి ఎండిన మరక ఉంది. ఈ బండి మీటరు ముప్పై ఒక్క వేల కిలోమీటర్లు చూపిస్తోంది. పైన రంగు అద్దంలా మెరుస్తోంది. అమ్మే ఆయన 'సింగిల్ ఓనర్ సార్, ఆఫీసుకు తప్ప తీయలేదు' అన్నారు. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు కూడా. సముద్రానికి ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్ కింద రోజుల తరబడి తీయకుండా నిలబెట్టిన బండికే ఈ గతి త్వరగా పడుతుంది.

మా బావగారి కోసం రెండు నెలలుగా గాజువాక నుంచి మధురవాడ దాకా కాంపాక్ట్ సెడాన్లు చూస్తూ తిరిగాము. ఆయన అవసరం స్పష్టమైనదే. ఇంట్లో నలుగురు, నెలకు రెండుసార్లు శ్రీకాకుళం అవతల సొంతూరికి ప్రయాణం, తిరిగి వచ్చేటప్పుడు బియ్యం బస్తా, కొబ్బరికాయలు, కాలాన్ని బట్టి పనసకాయ. హ్యాచ్‌బ్యాక్ డిక్కీ ఆ సామానుకు చాలదు, ఎత్తైన ఎస్‌యూవీలోకి ఎక్కడం అక్క అత్తగారి మోకాళ్లకు కష్టం. కాబట్టి ఈ వీడియోలో ఒకే బండిని పొగడడం గానీ తెగడడం గానీ ఉండదు. ఈ ఊళ్లో, ఈ అవసరానికి, కొత్తది కొనాలా పాతది కొనాలా అన్న ప్రశ్న చుట్టూనే మాట్లాడతాను.

ముందుగా ఈ తరగతి ఎలా పుట్టిందో రెండు మాటల్లో చెబుతాను, ఎందుకంటే ధర లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. పొడవు నాలుగు మీటర్లు దాటకుండా, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ, డీజిల్ ఇంజిన్ 1500 సీసీ లోపు ఉంటే చిన్న కారుగా లెక్కించి తక్కువ పన్ను వేస్తారు. ఆ గీత లోపల ఉండడం కోసమే 2008లో టాటా ఇండిగో సీఎస్ తోక కత్తిరించుకుని వచ్చింది, 2012లో మారుతి డిజైర్ కూడా అదే దారి పట్టింది. ఇప్పటి డిజైర్ పొడవు సరిగ్గా 3995 మిల్లీమీటర్లు.

ఆ చిన్న కార్ల మీద 2025 సెప్టెంబర్ 21 వరకు 28 శాతం జీఎస్టీ, పెట్రోల్ బండికైతే దానిపై ఒక శాతం సెస్సు ఉండేవి. ఇప్పుడు మొత్తం కలిపి 18 శాతమే. ఎనిమిది లక్షల ఎక్స్‌షోరూమ్ ధర ఉన్న పెట్రోల్ బండి, కంపెనీ తన అసలు ధర మార్చకపోతే, పన్ను తగ్గింపు వల్లనే సుమారు అరవై ఎనిమిది వేలు తగ్గి ఏడు లక్షల ముప్పై రెండు వేల దగ్గరికి వచ్చిందన్నమాట. సెకండ్ హ్యాండ్ బజారులో తిరకాసు ఇక్కడే ఉంది. రెండు మూడేళ్ల క్రితం కొన్నవారు తమ పాత ఇన్‌వాయిస్ చేతిలో పట్టుకుని, దాని మీద ఇంత తగ్గిస్తాం అని బేరం మొదలుపెడతారు. మీరు ఆ కాగితం వైపు చూడనే వద్దు. అదే వేరియంట్ ఈ రోజు షోరూమ్‌లో ఎంతకు వస్తుందో ముందుగా రాసుకుని వెళ్లి, ఆ అంకె నుంచి కిందికి దిగండి.

మేము సీతమ్మధారలో చూసిన రెండేళ్ల బండికి యజమాని అడిగిన ధరకూ, కొత్తదాని ఎక్స్‌షోరూమ్ ధరకూ మధ్య తేడా యాభై ఐదు వేలు మాత్రమే. కొత్త బండికి లైఫ్ ట్యాక్స్, బీమా అదనంగా పడతాయి నిజమే, పాత బండికి ట్యాక్స్ కట్టేసి ఉంటుంది. అయితే పాత బండి మీద లోను తీసుకుంటే వడ్డీ సాధారణంగా ఎక్కువ ఉంటుంది, వారంటీలో కొంత కరిగిపోయి ఉంటుంది. ఇవన్నీ కాగితం మీద కూడితే మూడేళ్ల లోపు వయసున్న సెకండ్ హ్యాండ్ సెడాన్ ప్రస్తుతం గిట్టుబాటు బేరం కాదన్నది నా అభిప్రాయం. ఐదారేళ్ల బండి, అదీ కొత్త ధరలో సగానికి కాస్త అటూఇటూగా దొరికితే, అప్పుడు మాట్లాడుకోవచ్చు. డ్రైవింగ్ కొత్తగా నేర్చుకుంటున్నవారికి, నాలుగు లక్షలకు మించి పెట్టలేనివారికి అదే సరైన దారి.

ఇక ఆ ఐదారేళ్ల బండిని వైజాగ్‌లో ఎలా చూడాలి? హైదరాబాద్ వారు చేసే వీడియోల్లో ఇంజిన్ శబ్దం, క్లచ్, మీటరు గురించి విస్తారంగా చెబుతారు. అవన్నీ అవసరమే. కానీ మన ఊళ్లో వాటికంటే ముందు ఉప్పు గాలి సంగతి చూడాలి. కంచరపాలెంలో మా బళ్లన్నీ చూసే పెద్ద మెకానిక్ ఒకాయన బండి దగ్గరికి రాగానే బానెట్ తెరవరు. ముందు మోకాళ్ల మీద కూర్చుని తలుపు అడుగు అంచు వెంట వేలు పోనిస్తారు. 'మీటరు ఎనక్కి తిప్పొచ్చు గానీ బాబూ, తుప్పునెవులు తిప్పగలరు?' అన్నారు ఆయన. ప్రతి తలుపు కింద నీరు కారిపోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. దుమ్ము, ఎండుటాకులు చేరి అవి మూసుకుపోతే వాన నీరు, కడిగిన నీరు లోపలే నిలిచిపోయి రేకు లోపలి నుంచి తినడం మొదలవుతుంది. బయటికి కనిపించేది రంగు మీద కందిగింజంత బుడగ మాత్రమే. దాన్ని వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయిందంటే అక్కడ రేకు లేదు, రంగు ఒక్కటే ఉంది.

భయపడనక్కరలేని తుప్పు కూడా ఉంటుంది. లాసన్స్ బే కాలనీలో రాత్రంతా నిలిపిన బండి బ్రేకు డిస్కుల మీద తెల్లవారేసరికి ఎర్రటి పొర కనిపిస్తుంది, నాలుగు బ్రేకులు వేస్తే పోతుంది. సైలెన్సర్ పైపు రంగు మారడం కూడా మామూలే. కానీ సస్పెన్షన్ బాడీకి బిగించే చోట, బ్యాటరీ కూర్చునే పళ్లెం కింద, తలుపుల కింద నిడివిగా ఉండే రేకులో పొరలు పొరలుగా ఊడుతూ ఉంటే, ధర ఎంత తగ్గించినా ఆ బండి వద్దు. పైగా అమ్మడానికి ముందు అడుగున నల్లటి అండర్ కోటింగ్ కొత్తగా కొట్టించి ఉంటే సంతోషించకండి, అనుమానించండి. తుప్పు మీదే ఆ పూత పూశారేమో స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. పాత రేవు వైపు ఇళ్ల దగ్గర నిలిచిన బళ్లకు బొగ్గు, ఇనుప ఖనిజం ధూళి బెడద కూడా ఉంటుంది. అద్దం కింద ప్లాస్టిక్ జాలీ ఎత్తి చూస్తే ఆ నల్లటి పొడి మిగిలి ఉంటుంది.

నేను ఒకసారి దెబ్బ తిన్నాను కాబట్టి రెండో సంగతి కొంచెం విపులంగా చెబుతాను. 2015లో నేనొక సెకండ్ హ్యాండ్ సెడాన్ కొన్నాను. కొట్టు పేరు అనవసరం. బండి చూడముచ్చటగా ఉంది, ఇంజిన్ నిశ్శబ్దంగా ఉంది. ఆనందపురం దాటాక ఎనభై వేగంలో వెనక తలుపు పైనుంచి ఈల వేసినట్టు గాలి శబ్దం. బీడింగ్ మార్చాను, పోలేదు. చివరికి టింకరింగ్ చేసే కుర్రవాడు తలుపు రబ్బరు బీడింగ్ మొత్తం ఊడదీసి చూపించాడు. కంపెనీ వేసిన స్పాట్ వెల్డింగు గుండ్రటి చుక్కలుగా, సమాన దూరంలో ఉంటుంది. నా బండికి ఒక వైపు అలాగే ఉంది, రెండో వైపు ముద్దలు ముద్దలుగా అతికి ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఎన్ని చెట్లు ఎన్ని బళ్ల మీద పడ్డాయో మీకు తెలుసు. వాటిలో ఒకదాని టాపు కోసి, కొత్త టాపు అతికించి నాకు అమ్మారు. అప్పటి నుంచి నేను ఏ బండి చూసినా నాలుగు తలుపుల బీడింగ్ ఒక జానెడు లాగి చూస్తాను. అమ్మేవారు ముఖం చిట్లిస్తే చిట్లించనీయండి.

మన ఊళ్లో మరో విశేషం ఇతర రాష్ట్రాల బళ్లు. తూర్పు నావికాదళం ప్రధాన కేంద్రం ఇక్కడే కాబట్టి బదిలీల మీద వచ్చేవారు తమ బళ్లు తెచ్చుకుంటారు, వెళ్లేటప్పుడు కొందరు అమ్మేస్తారు. ఇటువంటి బళ్లు చాలావరకు శ్రద్ధగా సర్వీసు చేయించినవే ఉంటాయి, నాకు వాటి మీద మంచి అభిప్రాయమే ఉంది. కానీ రిజిస్ట్రేషన్ చేసిన ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, రావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ బండి వయసును బట్టి మళ్లీ కట్టాలి. ఆ ఖర్చు బేరంలో ముందే తగ్గించుకోవాలి. బదిలీ ఉద్యోగులకు ఇచ్చే, రాష్ట్రం మారినా చెల్లే బీహెచ్ సిరీస్ నంబరు బండి అయితే, ఆ సిరీస్‌కు అర్హత లేనివారు కొన్నప్పుడు మామూలు రిజిస్ట్రేషన్‌కు మార్చుకోక తప్పదు. ఢిల్లీ నంబరు డీజిల్ బండి మరీ చవకగా వస్తోందంటే, అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బళ్ల మీద ఆంక్షలు ఉంటూ వచ్చాయన్న సంగతి గుర్తు చేసుకోండి. లోకల్ బళ్ల విషయంలో ఒక సులువైన గుర్తు ఉంది. రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చింది 2019లో. కాబట్టి విశాఖ పాత సిరీస్ అయిన ఏపీ 31 నంబరున్న బండిని ఎవరైనా 2020 మోడల్ అంటే ఆర్‌సీ అడిగి చూడండి. అలాగే ఒకప్పుడు టాక్సీగా తిరిగి తెల్ల ప్లేటుకు మారిన బళ్లు ఈ తరగతిలోనే ఎక్కువ కాబట్టి, ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడడం, పెడళ్ల రబ్బరు అరుగుదలను మీటరుతో పోల్చడం మరవకండి.

టెస్ట్ డ్రైవ్ బీచ్ రోడ్డు మీద చేయకండి. అక్కడ ఏ బండైనా బాగానే ఉంటుంది. నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసి, సింహాచలం కొండ ఎక్కండి. మలుపులో వేగం తగ్గి మళ్లీ పైకి లాగేటప్పుడు క్లచ్ జారితే ఇంజిన్ అరుస్తుంది గానీ బండి ముందుకు పోదు. క్లచ్ తొక్కకుండా గేర్లు వాటంతటవే మారే ఏఎంటీ గేర్‌బాక్స్ అయితే ఆ మలుపులో ఒకటో గేరా రెండో గేరా అని తడబడడం స్పష్టంగా తెలుస్తుంది. మేము మొత్తం నాలుగు బళ్లను ఆ కొండ ఎక్కించాము.

కొత్తవాటి సంగతి. 2024 నవంబర్‌లో వచ్చిన డిజైర్‌లో మూడు సిలిండర్ల 1.2 లీటర్ పెట్రోల్ ఇంజిన్ ఉంది. మాన్యువల్‌కు కంపెనీ చెప్పే మైలేజీ లీటరుకు 24.79 కిలోమీటర్లు. కొండ మీద నలుగురితో అది ఉత్సాహంగా ఏమీ లేదు, ఐడిల్‌లో సన్నటి వణుకు స్టీరింగ్‌కు తెలుస్తుంది. 2024 డిసెంబర్‌లో వచ్చిన హోండా అమేజ్‌లో నాలుగు సిలిండర్లు, 90 పీఎస్ శక్తి. నడపడానికి అదే హాయిగా ఉంది, గేర్లు మారే కుదుపు తెలియని దాని ఆటోమేటిక్ సీవీటీ గేర్‌బాక్స్ ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌కు వరం లాంటిది. డిక్కీ డిజైర్‌కు 382 లీటర్లు, హ్యుందాయ్ ఆరాకు 402, అమేజ్‌కు 416, టాటా టిగోర్‌కు 419. అంకెల్లో డిజైర్ వెనుకబడినా బావగారి బియ్యం బస్తా, రెండు సూట్‌కేసులు అందులోనూ పట్టాయి, మేము స్వయంగా పెట్టి చూశాము. సీఎన్‌జీ అనుకునేవారు మాత్రం డిక్కీలో సిలిండర్ తినే చోటు కళ్లారా చూసి నిర్ణయించుకోండి. టిగోర్‌లో రెండు చిన్న సిలిండర్లను అడుగున అమర్చి కొంత చోటు మిగిల్చారు.

బావగారిని చివరికి ఒప్పించింది మైలేజీ కాదు, భద్రత. కార్లను గుద్దించి పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో డిజైర్‌కు పెద్దల భద్రతకు ఐదు నక్షత్రాలు వచ్చాయి, ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలోనూ ఉన్నాయి. మేము ఇష్టపడిన సెకండ్ హ్యాండ్ బండి పాత తరం అమేజ్. దానికి అదే సంస్థ 2019లో నాలుగు నక్షత్రాలిచ్చి, నిబంధనలు కఠినం చేశాక 2024లో రెండే ఇచ్చింది. జాతీయ రహదారి మీద తెల్లవారుజామున లారీల మధ్య కుటుంబంతో ప్రయాణించే మనిషికి ఆ తేడా చిన్నది కాదు. నా ఓటు అమేజ్ కొత్తదానికే పడింది గానీ, డబ్బు ఆయనది.

సెకండ్ హ్యాండ్‌కే వెళ్లేవారికి కాగితాల విషయం క్లుప్తంగా. లోను తీరిన బండి అయితే ఫారం 35తో హైపోథికేషన్, అంటే ఆర్‌సీ మీద ఉండే లోను నమోదు, తీయించిన ఆర్‌సీ చూశాకే పూర్తి డబ్బు ఇవ్వండి, యాజమాన్యం మార్చే 29, 30 ఫారాల మీద సంతకాలు మీ కళ్ల ముందే జరగాలి, బీమాను పద్నాలుగు రోజుల్లోపు మీ పేరుకు మార్పించుకోండి. బీమా క్లెయిమ్ చేయనందుకు పాత యజమానికి వచ్చే ప్రీమియం తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, ఆయనతోనే వెళ్లిపోతుంది, బండితో రాదు.

బావగారు డిజైర్ మాన్యువల్, పైనుంచి కాదు, కిందినుంచి రెండో వేరియంట్ తీసుకున్నారు. పూజకు అందరిలాగే ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి దగ్గర వరుసలో నిలబడ్డాము. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టే దాకా చాలాసేపే పట్టింది. మా ముందు ఒక ఏపీ 31 సెడాన్ ఉంది, సెకండ్ హ్యాండ్‌లో అప్పుడే కొన్నట్టుంది, కొత్త దంపతులు బొట్లు పెడుతున్నారు. హారతి జరుగుతుండగా పక్కకు చూస్తే బావగారు కనిపించలేదు. ఆయన నడుం వంచి, ఆ బండి వెనక తలుపు అడుగు అంచు వైపు తొంగి చూస్తున్నారు.