కయాక్ క్యాంపింగ్‌లో గాలివాన: పాలిస్టర్ టార్ప్ రివ్యూ

నమస్కారం. కయాక్‌లో, అంటే తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవలో, సామాను వేసుకొని, రోడ్డు చేరని సరస్సు తీరాల్లో రాత్రులు గడిపేవారి కోసం ఈ వీడియోలో మూడు మీటర్ల చదరపు పాలిస్టర్ టార్ప్‌ను, అంటే తాళ్లతో కట్టి కప్పుగా వాడుకునే వాన గుడ్డను, సమీక్షిస్తున్నాను. హఠాత్తుగా గాలివాన ముంచుకొచ్చినప్పుడు, తడిసి కొంకర్లు పోయిన వేళ్లతో దీన్ని ఎంత త్వరగా కట్టగలమన్నదే నా ప్రధానమైన ప్రశ్న.

ఆ తొందర ఎందుకో ముందు చెప్పాలి. ఉరుములమేఘం కింద వాన చినుకులు కొంత ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తాయి; బరువెక్కిన ఆ గాలి వేగంగా కిందికి దిగి, నేలను తాకి చుట్టూ పరుచుకుంటుంది. అందువల్ల వానకంటే ముందే చల్లని ఈదురుగాలి మనల్ని చేరుతుంది, నిమిషాల్లోనే నీటిమీద అలలు లేస్తాయి. మెరుపుకూ ఉరుముకూ మధ్య ప్రతి 3 సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు చొప్పున దూరం లెక్కించవచ్చు. అయినా లెక్కపెడుతూ తెడ్డు వేయడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే ఉరుము వినిపించిందంటే పిడుగు పడగలిగేంత దగ్గరలో మనం ఉన్నట్టే. మొదటి ఉరుముకే దగ్గరి ఒడ్డుకు చేరి, కయాక్‌ను నీటికి బాగా ఎగువకు లాగి కట్టేయాలి. ఖాళీ చేసిన కయాక్‌ను గాలి సులువుగా దొర్లించుకుపోతుంది.

ఇక టార్ప్ సంగతి. నైలాన్ తడిస్తే సాగుతుంది కాబట్టి బిగించి కట్టిన గుడ్డ అర్ధరాత్రికి కుంగి, మధ్యలో నీరు నిలుస్తుంది. పాలిస్టర్ అంతగా సాగదు. వానలో లేచి తాళ్లు మళ్లీ బిగించే పని చాలావరకు తప్పడమే దీనిలో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం. గాలి వేగం రెట్టింపైతే గుడ్డమీద ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది కనుక, దీన్ని ఎత్తుగా పందిరిలా కట్టకుండా, గాలి వచ్చే వైపు అంచును నేలకు ఆనించి వాలుగా కట్టాను. అలా కట్టినప్పుడు గుడ్డ రెపరెపలాడకుండా నిలిచింది. ఇసుక తీరంలో మేకులు ఊడిపోతాయి. చిన్న సంచిలో ఇసుక నింపి, దానికి తాడు కట్టి పాతిపెడితే పట్టు నిలుస్తుంది.

లోపం తాళ్లలో ఉంది. కంపెనీ ఇచ్చినవి మరీ సన్నగా ఉండి, తడిచేతికి ముడి విప్పడం దాదాపు అసాధ్యం అవుతోంది. కొన్న వెంటనే కాస్త లావు తాళ్లు మార్చి, ముందుగానే మూలలకు కట్టి ఉంచుకోమని నా గట్టి సలహా. టార్ప్‌ను డ్రై బ్యాగ్ (నీరు చొరబడని సంచి) అడుగున దాచకండి. చివరగా సర్ది, ముందుగా చేతికందేలా ఉంచండి.

ఒక విషయం దయచేసి గుర్తుంచుకోండి: టార్ప్ గానీ టెంట్ గానీ పిడుగునుంచి కాపాడవు. ఒంటరిగా నిలిచిన ఎత్తైన చెట్టుకూ, ఎండిన కొమ్మలున్న చెట్టుకూ దీన్ని కట్టకూడదు. సమాన ఎత్తున్న పొట్టి చెట్ల మధ్య, నీటిమట్టం పెరిగినా అందని చోటు వెతకాలి. చివరి ఉరుము వినిపించాక 30 నిమిషాలు గడిచేదాకా నీటిలోకి తిరిగి దిగకూడదు.

తాళ్లు మార్చుకోవడానికి సిద్ధపడేవారికి ఈ టార్ప్‌ను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. గాలికి అడ్డులేని బోడి రాతి దీవుల్లో మకాం వేసేవారు మాత్రం దీనిమీదే ఆధారపడకుండా, బలమైన కమ్మీలున్న టెంట్ కూడా తీసుకెళ్లాలి.